నలుగురు పిల్లలు కట్టిన నీటి యంత్రం



ఉత్సవ సంచికకు చరిత్ర వ్యాసం వ్రాయమని సంఘం వారు అడిగారు. రాజుల గురించి వ్రాసేవారు ఎందరో ఉన్నారు. మేము ప్లాస్టిక్ గొట్టాల గురించి వ్రాయదలచినాము. మాది రాత్రి బడిలో నేర్చిన తెలుగు. తప్పులుంటే మన్నించగలరు.

మనిషి పైన కూర్చొని తీగ ద్వారా నడిపితే నీటి అడుగున పనిచేసే యంత్రాలు ఉన్నాయి. మొదట అవి ప్రభుత్వాల చేతిలోని ఖరీదైన వస్తువులు. 1966 జనవరిలో స్పెయిన్‌లోని పాలొమారెస్ దగ్గర రెండు అమెరికా విమానాలు ఢీకొని, ఒక హైడ్రోజన్ బాంబు సముద్రంలో పడింది. ఏప్రిల్ 7న దానిని సుమారు 2,800 అడుగుల లోతునుండి పైకి తీయడానికి తోడ్పడినది కర్వ్ అనే అటువంటి యంత్రమే. 1973లో ఐర్లండ్ దగ్గర పైసీస్ 3 అనే చిన్న జలాంతర్గామి ఇద్దరు మనుషులతో మునిగిపోయింది. మూడు రోజులు దాటిన తరువాత వారు ప్రాణాలతో బయటపడ్డారు. అక్కడా కర్వ్ జాతి యంత్రం తాడు తగిలించింది.

తరువాత ఈ విద్య ఇంటి పెరటికి దిగివచ్చింది. 1997లో హ్యారీ బోమ్, విక్కీ జెన్సెన్ వ్రాసిన పుస్తకం, నీళ్ళ గొట్టాలతో, చిన్న మోటార్లతో పిల్లలే ఇటువంటి యంత్రం చేసుకోవచ్చునని చూపింది. పిల్లలకు పోటీలు కూడా మొదలైనాయి.

2004 జూన్‌లో కాలిఫోర్నియాలోని శాంతా బార్బరాలో జరిగిన పోటీకి ఫీనిక్స్ నగరపు కార్ల్ హేడెన్ హైస్కూలు నుండి నలుగురు అబ్బాయిలు వచ్చారు. వారిది ఎడారి ఊరు. మెక్సికో నుండి వచ్చిన కుటుంబాల పిల్లలు, చేతిలో అమెరికా కాగితాలు లేనివారు. అల్లన్ కామెరన్, ఫ్రెడి లజ్వర్ది అనే ఉపాధ్యాయులు వారికి అండ. ఖర్చు సుమారు 800 డాలర్లు.

గొట్టాలు చవక అని మాత్రమే వారు ఎంచుకోలేదు. గొట్టంలోని గాలి యంత్రాన్ని పైకి లేపుతుంది, బ్యాటరీ బరువు క్రిందికి లాగుతుంది, రెండూ సరిపోతే యంత్రం నీటిలో నిలకడగా ఉంటుంది. బ్యాటరీ యంత్రం మీదనే ఉన్నందున పైనుండి లావు కరెంటు తీగ లాగనక్కరలేదు. గొట్టాల జిగురు కంపుకొట్టినందున దానికి స్టింకీ అని పేరు పెట్టారు.

పోటీకి ముందు బ్యాటరీ పెట్టెలోకి నీరు కారింది. వ్రాయడానికి కొంచెం సిగ్గుగానే ఉన్నా చెప్పాలి: స్త్రీలు నెలసరికి వాడే దూది చుట్టలు కొని తెచ్చి, ఆ నీటిని పీల్చుకొనేటట్లు పెట్టెలో ఉంచారు. రాత్రి కూర్చొని తీగలు మళ్ళీ అతికారు. చివరికి మొదటి బహుమతి వారికే వచ్చింది. ప్రపంచ ప్రసిద్ధమైన ఎం.ఐ.టి. జట్టు రెండవ స్థానంలో నిలిచింది.

కాని బహుమతి తలుపులన్నీ తెరవలేదు. కాగితాలు లేని విద్యార్థులకు ఫీజు పెంచిన 2006 నాటి అరిజోనా చట్టం వల్ల ఒకరు చదువు మానవలసివచ్చింది. ఆస్కార్ వాజ్‌క్వెజ్ ఇంజనీరింగు పట్టా పొంది, 2009లో మెక్సికోకు తిరిగివెళ్ళి, 2010లో వీసాతో వచ్చి, 2011లో అమెరికా సైన్యంలో చేరాడు.

ఈ కథ మలేషియా తెలుగువారికి ఎందుకంటారా? మా తాతగారు పేరాక్ రాష్ట్రపు కొబ్బరితోటలకు వచ్చినప్పుడు, తోటకూలీ బిడ్డ తోటకూలీయే అవుతాడని అందరూ అనుకొన్నారు. మా నాన్నగారు అక్షరాలు నేర్చుకొన్నందున మేము ఉపాధ్యాయులమైనాము. అయినా మేమూ ఒక తప్పు చేశాము. చాలా ఏండ్ల క్రితం మా తరగతిలో ఒక పిల్లవాడు పాలడబ్బాకు బొమ్మకారు మోటారు కట్టి కాలువలో వదిలాడు. అది మునిగింది. “ఆటలు చాలు, పరీక్షకు చదువుకో” అని అన్నాము. ఎందుకు మునిగిందని ఒక్క మాట అడగలేదు. వాడు మరల ఏదీ తీసుకొనిరాలేదు.

ఆ నలుగురికి దొరికినది డబ్బు కాదు, “ఎందుకు మునిగింది?” అని అడిగే గురువులు. మీ ఇంటి పిల్లలు రేపు నీళ్ళ గొట్టం కోస్తే తిట్టకండి. ప్రక్కన కూర్చొని ఆ ఒక్క ప్రశ్న అడగండి. వీలైతే తెలుగులోనే అడగండి.

ఇక సెలవు.