మాంసం మానిన పిల్లి: తెలుగు పలుకుబడిలో మార్జాల ఆహార చరిత్ర

ఉపోద్ఘాతం

పిల్లి ఏం తింటుందని తెలుగు ఇంట ఎవరినడిగినా ముందుగా వచ్చే జవాబు పాలు. ఎలుక ఆ తర్వాత వస్తుంది. బాలల వాచకాల బొమ్మల్లోనూ, అమ్మమ్మల కథల్లోనూ, నిత్యవ్యవహారంలోని సామెతల్లోనూ పిల్లి పక్కన పాలగిన్నె ఉంటుంది. నగరాల్లో పిల్లిని ఇంట్లోనే ఉంచి పెంచే అలవాటు పెరిగిన ఈ రోజుల్లో ఆ గిన్నె బొమ్మలోంచి వంటగదిలోకి వచ్చింది. ఎలుకలు దొరకని మూడో అంతస్తు ఇంట్లో, పాలన్నం మీదో పెరుగన్నం మీదో మాత్రమే బతుకుతున్న పిల్లి విషయంలో ఈ పలుకుబడికి ఆరోగ్యపరమైన పర్యవసానం ఉంది. పాలు తాగే పిల్లి అన్న భావన తెలుగులో ఎక్కడి నుంచి వచ్చింది, ప్రాచీన కథకులు పిల్లి ఆహారాన్ని ఎలా అర్థం చేసుకున్నారు, ఇరవయ్యో శతాబ్దపు పశువైద్య శాస్త్రం ఆ అవగాహనలో దేన్ని నిలబెట్టింది, దేన్ని తోసిపుచ్చింది అన్న అంశాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

నిఘంటువులోని పిల్లి

అమరకోశం పిల్లికి ఓతువు, బిడాలం, మార్జారం, వృషదంశకం, ఆఖుభుక్కు అన్న ఐదు పేర్లు చెబుతుంది. వీటిలో ఆఖుభుక్కు అంటే ఎలుకను తినేది. వృషదంశకం అన్న పేరులోని వృష శబ్దానికీ ఎలుక అనే అర్థం చెబుతారు. మార్జార శబ్దాన్ని తుడుచుకోవడం, శుభ్రపరచుకోవడం అనే అర్థమున్న ధాతువు నుంచి సాధిస్తారు. అంటే నిఘంటుకారుడి దృష్టిలో పిల్లిని గుర్తుపట్టించే లక్షణాలు రెండు: ఎలుకను తినడం, ఒళ్లు నాక్కోవడం. పాలకు సంబంధించిన పేరు ఈ ఐదింటిలో ఒక్కటీ లేదు. పర్యాయపదాలను పద్యపూరణకు పనికొచ్చే సరుకుగానే చూడడం మనకు అలవాటైంది గానీ, వాటిలో ఆనాటి పరిశీలన ఎంతో దాగి ఉంటుంది.

ధాన్యం, ఎలుక, ఉట్టి

పెంపుడు పిల్లి చరిత్ర ధాన్యపు నిల్వతో మొదలవుతుంది. సైప్రస్ దీవిలోని షిల్లూరోకాంబోస్ తవ్వకాల్లో ఒక మనిషి సమాధి పక్కన పాతిపెట్టిన పిల్లి అస్థిపంజరం బయటపడింది. దాని కాలం ఇప్పటికి సుమారు 9,500 సంవత్సరాల క్రితం. కార్లోస్ డ్రిస్కోల్ బృందం 2007లో వెలువరించిన జన్యు అధ్యయనం ఈనాటి పెంపుడు పిల్లులన్నింటి మూలం పశ్చిమాసియాలోని అడవిపిల్లి ఉపజాతిలో ఉందని తేల్చింది. సేద్యం వల్ల గింజలు పోగుపడ్డాయి, గింజల కోసం ఎలుకలు చేరాయి, ఎలుకల కోసం పిల్లి ఊరి అంచుకు వచ్చింది. ఆవునూ గొర్రెనూ మనిషి పట్టి తెచ్చుకున్నాడు. పిల్లి మాత్రం తనకు తానుగా వచ్చి, తన పని తాను చూసుకుంది. దానికి తిండి పెట్టవలసిన అవసరం మనిషికి కలగలేదు.

తెలుగు రైతు ఇల్లు ఈ ఏర్పాటుకు చక్కని ఉదాహరణ. గాదెల్లో, పాతర్లలో, పురుల్లో గింజలుండేవి. పాలు, పెరుగు, వెన్న దూలానికి వేలాడే ఉట్టిమీద ఉండేవి. గాదె దగ్గర పిల్లి తిరగాలి, ఉట్టి దగ్గర తిరగకూడదు. ఒకే ఇంట్లో, ఒకే జంతువు నుంచి, పది అడుగుల దూరంలో కోరిన రెండు వేర్వేరు ప్రవర్తనలివి. “పిల్లి శాపాలకు ఉట్లు తెగుతాయా” అన్న సామెత ఈ రెండో చోట పుట్టింది. “పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్లు” అన్నదీ అక్కడిదే. రెండింటిలోనూ మాట్లాడుతున్నది పాలు పోగొట్టుకున్న, లేదా పోతాయేమోనని భయపడుతున్న గృహస్థు. అతని ఫిర్యాదే కాలక్రమంలో ఆహార నియమంగా మారిందని భావించవచ్చు. పిల్లి పాలు దొంగిలిస్తుంది కనుక పాలు దాని తిండి అని అనుకోవడంలో, కాకి సబ్బుముక్క ఎత్తుకుపోతుంది కనుక సబ్బు కాకి ఆహారమనుకోవడానికి ఉన్నంత తర్కమే ఉంది.

ఇక్కడ మరొక సంగతి గమనించాలి. ఈ సామెతలకు పాడి ఉన్న ఇల్లు నేపథ్యం. గొడ్డూగోదా లేని కుటుంబానికి ఉట్టిమీద కాపాడుకోవలసిన వెన్న ఉండదు. సముద్రతీరపు పల్లెల్లో వలల చుట్టూ తిరిగే పిల్లి చేపల తలలు, పేగులు తిని పెరుగుతుంది, పాల ఊసు దానికి తెలియదు. 1868లో మద్రాసులో వెలువడిన కెప్టెన్ కార్ సామెతల సంకలనం మొదలుకొని నేటి సేకరణల దాకా పిల్లిసామెతలను చదివేటప్పుడు, అవి ఎవరి వంటింట్లోంచి వచ్చాయన్న ప్రశ్న వేసుకోవడం అవసరం.

ఎలుకలు పట్టే పిల్లి విలువ వలసపాలనా కాలంలో మరొక రకంగా చర్చకు వచ్చింది. 1896లో బొంబాయిలో మొదలైన ప్లేగు దేశమంతా పాకినప్పుడు, ఎలుకల నిర్మూలన ప్రభుత్వానికి తలకు మించిన పనైంది. ఇండియన్ మెడికల్ సర్వీసు వైద్యాధికారి బ్యుకానన్ పిల్లులను పెంచడమే ప్లేగు నివారణకు మార్గమని వాదిస్తూ 1908లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశాడు. అయితే ప్లేగు పిల్లికీ సోకుతుంది, పిల్లి నుంచి మనిషికీ రాగలదు. ఈ విషయం తర్వాతి పరిశోధనల్లో స్థిరపడింది.

కపట తాపసి

సాహిత్యంలోని పిల్లి ఉట్టి కింది పిల్లికి భిన్నమైనది. మహాభారతం ఉద్యోగపర్వంలో దుర్యోధనుడు ఉలూకుడి ద్వారా ధర్మరాజుకు పంపిన సందేశంలో ఒక పిల్లి కథ ఉంది. గంగ ఒడ్డున చేతులెత్తి తపస్సు చేస్తున్నట్లు నటించే ఆ పిల్లిని ఎలుకలు నమ్మి, తమ రక్షణభారం దానికి అప్పగిస్తాయి. అది రోజుకు కొన్ని చొప్పున వాటిని తింటుంది. మామల్లపురంలోని పల్లవుల కాలపు బృహత్ శిల్పంలో వెనకకాళ్లమీద నిలబడి తపస్సు చేసే పిల్లి, దాని ముందు ఎలుకలు నేటికీ కనిపిస్తాయి. మనుస్మృతి కపటధార్మికుణ్ణి బైడాలవ్రతికుడని పేర్కొని, అతన్ని ఆదరించవద్దంటుంది.

హితోపదేశంలోని దీర్ఘకర్ణుడి కథ ఈ వ్యాస ప్రయోజనానికి మరింత దగ్గరిది. జరద్గవమనే ముసలి గద్ద కాపలా కాస్తున్న చెట్టు దగ్గరికి వచ్చిన దీర్ఘకర్ణుడనే పిల్లి, తాను చాంద్రాయణ వ్రతం ఆచరిస్తున్నానని నమ్మబలుకుతుంది. పిల్లులకు మాంసమంటే మక్కువ గదా అని గద్ద శంకిస్తే, హింస మానుకున్నానని ఒట్టు పెడుతుంది. చివరకు పక్షిపిల్లలను తిని, ఎముకలను గద్ద తొర్రలో వదిలి పారిపోతుంది. నింద గద్దమీద పడి, అది ప్రాణం పోగొట్టుకుంటుంది.

ఈ కథలను దంభంమీద వ్యాఖ్యలుగా చదవడం పరిపాటి. ఆ నీతిని కాసేపు పక్కన పెడితే వాటి అడుగున ఒక ప్రాకృతిక జ్ఞానం కనిపిస్తుంది. మాంసం మానిన పిల్లి ఉండదని కథకుడికీ శ్రోతకూ ముందే తెలుసు. తెలియకపోతే కథ నడవదు. పిల్లి పాత్రను నీతికోణంలో చిన్నచూపు చూసిన ఆ కథకులే దాని శరీరధర్మాన్ని సరిగ్గా పట్టుకున్నారు. నేటి కొన్ని శాకాహార గృహాల్లో దీర్ఘకర్ణుడి బూటకపు వ్రతాన్ని పెంపుడు పిల్లిచేత నిజంగా చేయిస్తున్నారు.

పిల్లిపట్ల ఈ అపనమ్మకం అన్నిచోట్లా ఒకే తీరుగా లేదు. శాంతిపర్వంలో వలలో చిక్కిన లోమశమనే పిల్లీ, పలితమనే ఎలుకా ఆపత్కాలంలో చేసుకున్న ఒప్పందం రాజనీతికి దృష్టాంతమైంది. తెంకలై వైష్ణవులు భగవంతుడి రక్షణను చెప్పడానికి మార్జాలకిశోర న్యాయాన్ని ఎంచుకున్నారు. కూనను నోట కరుచుకుని మోసే తల్లిపిల్లి అక్కడ పరమాత్మకు ఉపమానం. పాలతో పిల్లిని గట్టిగా ముడిపెట్టిన కథ తెనాలి రామకృష్ణుడి పేరిట ప్రచారంలో ఉన్నది. ఎలుకల బెడద తీర్చడానికి రాయలవారు పిల్లులనూ, వాటి పాలకోసం ఆవులనూ పంచారట. రామకృష్ణుడు కాగే పాలు పెట్టి తన పిల్లికి పాలంటేనే జడుసుకునేలా చేశాడట. చమత్కారం ఎలా ఉన్నా, ఆ కథలో అందరికంటే తెలివిగా ప్రవర్తించింది పాలగిన్నెను చూసి పారిపోయిన పిల్లేననిపిస్తుంది.

శరీరశాస్త్రం తీర్పు

పిల్లికూనల పేగుల్లో పాలలోని చక్కెరను జీర్ణం చేసే లాక్టేజ్ ఉంటుంది. తల్లిపాలు మానిన తర్వాత అది తగ్గిపోతుంది. అందుకే ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి పాలు తాగితే కడుపుబ్బరం, విరేచనాలు కలుగుతాయి. అయినా అవి పాలకోసం ఎగబడతాయి. తీపి కోసమా అంటే కాదు. తీపిని గుర్తించే గ్రాహకానికి కావలసిన జన్యువు పిల్లిలో పనిచేయదని 2005లో జియా లీ బృందం నిరూపించింది. పాలలోని కొవ్వు, మాంసకృత్తులే దానికి ఆకర్షణ. ఉట్టిమీది మీగడ గురించి గృహస్థు పడిన భయంలో కొంత నిజముందన్నమాట.

పాలు పట్టడం కంటే పెద్ద ప్రమాదం పాలన్నంతోనే సరిపెట్టడం. టారిన్ అనే పదార్థాన్ని మనిషీ, కుక్కా సాధారణంగా తమ శరీరంలోనే తయారు చేసుకోగలవు. పిల్లికి ఆ శక్తి చాలదు. టారిన్ మాంసంలోనూ చేపలోనూ ఉంటుంది, వరి, పప్పుల్లో దాదాపు ఉండదు. టారిన్ లోపిస్తే పిల్లి కంటిలోని రెటీనా క్షీణిస్తుందని హేస్ బృందం 1975లో సైన్స్ పత్రికలో ప్రకటించింది. పన్నెండేళ్ల తర్వాత, 1987లో, అదే పత్రికలో పయన్ బృందం టారిన్ లోపం గుండెకండరాన్ని బలహీనపరచి ప్రాణం తీస్తుందనీ, సకాలంలో టారిన్ అందిస్తే గుండె కోలుకోగలదనీ తెలిపింది. అప్పటి జబ్బుపడిన పిల్లులు కంపెనీలు తయారుచేసిన ఆహారమే తింటున్నాయి. తయారీదారులు టారిన్ పాళ్లు పెంచాక ఆ గుండెజబ్బు అరుదైపోయింది. కూరగాయల్లోని కెరోటిన్‌ను విటమిన్ ఎ గా మార్చుకోవడమూ పిల్లికి చేతకాదు. రెటీనా దెబ్బతినడం నెలల తరబడి సాగుతుంది, పోయిన చూపు తిరిగి రాదు. తెలిసిన గదుల్లో మీసాలతో, చెవులతో దారి చూసుకునే పిల్లికి చూపు మందగించిందని ఇంటివాళ్లు పసిగట్టేసరికి చాలా ఆలస్యమవుతుంది.

కడుపు నిండిన పిల్లి ఎలుకను పట్టదన్న నమ్మకం కూడా ఈ శతాబ్దంలో పరీక్షకు నిలిచింది. ఇంగ్లండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2021లో ప్రచురించిన అధ్యయనంలో, మాంసకృత్తులు మాంసం నుంచే లభించే ఆహారం పెట్టినప్పుడు పిల్లులు వేటాడి ఇంటికి తెచ్చే జీవుల సంఖ్య 36 శాతం తగ్గింది. అన్ని రకాల తిండీ కడుపు నింపవచ్చు గానీ, వేట మాన్పించడంలో ఏ తిండి అన్నది లెక్కలోకి వస్తుంది.

పలుకుబళ్ల పునఃపఠనం

పెంపకందారుల అవసరం దృష్ట్యా కొన్ని తెలుగు నుడికారాలను తిరిగి చదవడం ప్రయోజనకరం. కళ్లు మూసుకునే పిల్లి మనకు దొంగకు గుర్తు. ససెక్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2020లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, మనిషి నెమ్మదిగా కళ్లు సగం మూసి తెరిస్తే పిల్లి కూడా అలాగే బదులిస్తుంది, అలా చేసిన మనిషి దగ్గరికి రావడానికి మొగ్గు చూపుతుంది. అది స్నేహభాష. పిల్లి కూనలను ఏడిళ్లు తిప్పుతుందన్న మాటలో తల్లిజాగ్రత్తను పట్టించుకున్న పరిశీలన ఉంది. అలికిడి, వాసన, పొంచి ఉన్న శత్రువు, వీటిలో ఏది అనుమానం కలిగించినా తల్లి చోటు మారుస్తుంది. ఈనిన పిల్లిని చూడడానికి ఇరుగుపొరుగును పిలవకూడదని ఆ మాట నుంచే గ్రహించవచ్చు.

“కాలుగాలిన పిల్లి” అన్నదాన్ని మరింత జాగ్రత్తగా చదవాలి. స్థిమితం లేక అటూ ఇటూ తిరిగే మనిషికి వాడే పోలిక ఇది. మగపిల్లి నిజంగానే ఇలా తిరుగుతూ, మూత్రానికి మాటిమాటికీ కూర్చుని, చుక్క రాక అరుస్తుంటే మూత్రనాళం మూసుకుపోయిందని అనుమానించాలి. ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోయే స్థితి అది. మలబద్ధకమని పొరబడి నూనె తాగిస్తూ కూర్చోవడానికి వ్యవధి ఉండదు, వెంటనే పశువైద్యుడి దగ్గరికి తీసుకువెళ్లాలి. మార్జార శబ్ద వ్యుత్పత్తి ఇక్కడ మరొక సూచన ఇస్తుంది. ఒళ్లు నాక్కోవడం మానేసి బొచ్చు రేగిన పిల్లి జబ్బుపడిన పిల్లి. నొప్పిని దాచుకునే ఈ జంతువు బయటికి చూపే కొద్దిపాటి గుర్తుల్లో అది ఒకటి. ఒళ్లు వెచ్చగా ఉందని మనుషులు వేసుకునే పారాసిటమాల్ ఇవ్వడం ప్రాణాంతకం. ఆ మందును విరిచేసే ఏర్పాటు పిల్లి కాలేయంలో చాలినంతగా లేదు కనుక ఒక్క మాత్ర కూడా చంపగలదు. ఉల్లి, వెల్లుల్లి దాని ఎర్రరక్తకణాలను దెబ్బతీస్తాయి. కాబట్టి మాంసం పెట్టాలనుకున్నా తాలింపు వేసిన కూర పనికిరాదు.

మాంసం వండని ఇళ్లకు ఇది కష్టమైన ప్రశ్నే. టారిన్ కలిపి, పిల్లులకోసమే తయారుచేసిన ఆహారం అలాంటివారికి ఆచరణయోగ్యమైన దారి. కుక్కల ఆహారంలో ఆ పాళ్లు ఉండవు గనుక దాన్ని ప్రత్యామ్నాయంగా వాడకూడదు. మాంసం వండగలిగినవాళ్లు ఉప్పూకారం లేకుండా ఉడికించినా, కేవలం మెత్తటి కండ కంటే టారిన్ ఎక్కువగా ఉండే గుండెకాయను కూడా కలపడం మేలు. ఉడికేటప్పుడు టారిన్ కొంత నీటిలోకి దిగిపోతుంది. అందువల్ల ఆ నీటిని పారబోయకుండా ముక్కలతోపాటే గిన్నెలో పోయాలి.