మిత్తి లేని అప్పు ఆగిపోయాక

మా పాలకీడు పిల్లలు పైచదువులకు మిర్యాలగూడ, కోదాడ, సూర్యాపేట పోతారు, వీలైతే హైదరాబాద్. కాలేజీ ఫీజు వానకాలం నాట్ల వేళకే కట్టాలి. సాగర్ ఎడమ కాలువ కింద పండిన వడ్ల డబ్బు దసరా దాటితే గాని చేతికి రాదు. ఈ నడిమి నెలల్లో తల్లిదండ్రులకు అప్పు తప్ప దారి లేదు. ఆ అప్పు ఎవరిస్తారన్నదే అసలు సమస్య.

కేంద్రం 1963లో జాతీయ రుణ ఉపకార వేతనాల పథకం తెచ్చింది. మిత్తి లేదు, ఉద్యోగం వచ్చాక తీర్చుకోవచ్చు. చదువు చెప్పే వృత్తిలో చేరినవాళ్లకు ఏటా కొంత మాఫీ కూడా ఉండేది. అయితే వసూళ్లు సాగలేదు. వసూలు చేసే యంత్రాంగాన్ని బాగుచేయాల్సింది పోయి 1991లో పథకాన్నే ఎత్తేశారు. అది పెద్ద తప్పు.

ఎత్తేసిన కాలం చూడండి. 1993లో ఉన్నికృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు తీర్పుతో ప్రైవేటు వృత్తి విద్యా కాలేజీల్లో ఫ్రీ సీటు, పేమెంటు సీటు వచ్చాయి. ఆ దశాబ్దం చివరికల్లా ఇంజనీరింగ్ కాలేజీలు ఊరూరా వెలిశాయి. ఫీజులు పెరిగాయి, సర్కారు అప్పు లేదు. ఇక మిగిలింది ఊళ్లో వడ్డీ వ్యాపారే. నూటికి నెలకు రెండు రూపాయల మిత్తి అంటే లక్షకు ఏడాదికి 24 వేలు. నాలుగేళ్ల చదువు పూర్తయ్యేసరికి మిత్తే అసలుకు దగ్గరవుతుంది. పొలమో బంగారమో పోయేది అక్కడే.

2001లో బ్యాంకుల విద్యారుణ పథకం వచ్చింది. 4 లక్షల దాకా ఆస్తి హామీ అక్కర్లేదన్నారు. 2009 నుంచి ఏడాదికి 4.5 లక్షల లోపు ఆదాయమున్న ఇళ్లకు చదువుకునే కాలపు వడ్డీని కేంద్రమే భరించింది. అంతకుముందే వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఫీజు రీయింబర్స్‌మెంట్ తెచ్చింది. మా ప్రాంతంలో మొదటితరం ఇంజనీర్లు ఎందరో దాని పుణ్యాన తయారైనవాళ్లే. కానీ తెలంగాణలో బీసీ, ఈబీసీ పిల్లలకు ప్రవేశ పరీక్ష ర్యాంకు పది వేలు దాటితే ఇంజనీరింగ్‌లో చాలామందికి ఏడాదికి 35 వేలే ఇస్తారు. మిగతాది ఇంటివాళ్లే చూసుకోవాలి. ఆ ఇచ్చేదీ ఏళ్లకేళ్లు బకాయి. 2025 నవంబరులో ప్రైవేటు కాలేజీలు ఆ బకాయిల కోసమే బంద్ చేశాయి. ఫీజు బాకీ ఉందని సర్టిఫికెట్లు ఆపితే ఉద్యోగం చేజారేది విద్యార్థికే.

ఇదంతా చూసి విద్యారుణాలే వద్దనేవాళ్లూ ఉన్నారు. అలాంటివాళ్లు ఫీజును కూడా రద్దు చేయాలని చెప్పాలి. అంతవరకు ప్రభుత్వం ఫీజు రీయింబర్స్‌మెంట్ డబ్బు ఏ ఏడాదిది ఆ ఏడాదే చెల్లించాలి, సర్టిఫికెట్లు ఆపనివ్వకూడదు.