ప్రాంగణం వెలుపల ఎం.టెక్.: ఇంజనీరింగ్ స్నాతకోత్తర విద్యలో 'రెగ్యులర్' భావన – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

ఇంజనీరింగ్ స్నాతకోత్తర పట్టాకు మన దేశంలో రెండు దారులు ఏర్పడ్డాయి. ఒకటి పూర్తికాలం ప్రాంగణంలో ఉండి చదివేది. రెండోది ఉద్యోగం విడవకుండా, సాయంకాల తరగతుల ద్వారానో దూరవిద్య ద్వారానో చదివేది. ఈ రెంటి మధ్య అంతరాన్ని సాధారణంగా ప్రయోగశాల పేరుతో వివరిస్తారు. విద్యార్థి వెచ్చించే కాలానికి ఎవరు వెల చెల్లించారన్న ప్రశ్న ఈ అంతరాన్ని మరింత బాగా వివరిస్తుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: ఎం.టెక్., దూరవిద్య, నాయుడమ్మ సంఘం, గేట్, ఎ.ఎం.ఐ.ఇ., 2017 తీర్పు

1. ప్రవేశిక

కళాశాలకు వెళ్లకుండా పరీక్ష రాసేవారిని గురించి తెలుగునాట "ప్రైవేటుగా బి.ఏ. కట్టాడు" అనడం పరిపాటి. ఇక్కడ 'కట్టు' అనే క్రియకు రుసుము చెల్లించడమే అర్థం. బోధన, గురువు, తరగతి గది అనే భావాలేవీ ఆ మాటలో లేవు. తరువాతి కాలంలో 'కరెస్పాండెన్స్', 'దూరవిద్య', 'సార్వత్రిక విద్య' అనే మాటలు వచ్చాయి. వాటికి ఎదురుగా నిలిచిన 'రెగ్యులర్' అనే మాటకు మాత్రం తెలుగు ఏర్పడలేదు. ఉద్యోగ ప్రకటనల్లోను, పెళ్లిచూపుల సంభాషణల్లోను అది అదే రూపంలో వినిపిస్తుంది. పట్టా పొందిన పద్ధతే పట్టాకు విలువ కట్టే కొలమానంగా మారిన చరిత్ర ఆ ఒక్క మాటలో ఉంది.

ఆ చరిత్ర విదేశంలో 1858లో మొదలైంది. ఆ ఏడాది లండన్ విశ్వవిద్యాలయం తన కళాశాలల్లో చదవనివారికి కూడా పరీక్షలు తెరిచింది. మన దేశంలో ఢిల్లీ విశ్వవిద్యాలయం 1962లో కరెస్పాండెన్స్ కోర్సులు ప్రారంభించింది. 1982లో హైదరాబాదు కేంద్రంగా ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం (నేటి డా. బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం) దేశంలో మొదటిది. దాని తొలి ఉపకులపతి జి. రామ్ రెడ్డి తరువాత 1985లో స్థాపితమైన ఇగ్నోకు కూడా తొలి ఉపకులపతి అయ్యారు. కళలు, వాణిజ్యం, విజ్ఞానశాస్త్రాల్లో ఈ సంస్థలు గృహిణులకు, గుమాస్తాలకు పట్టా అందించాయి. ఇంజనీరింగ్ స్నాతకోత్తర విద్య కథ వేరుగా నడిచింది.

2. ఇద్దరు తెలుగువారి నివేదికలు

సర్కార్ సంఘం సూచనల ఫలితంగా 1951లో ఖరగ్‌పూర్‌లో మొదటి ఐ.ఐ.టి. ఏర్పడింది. వరంగల్లు ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాల 1959లో మొదలైంది. దేశంలో ఇంజనీరింగ్ కళాశాలలు పెరిగేకొద్దీ వాటిలో బోధించేవారి కొరత కూడా పెరిగింది. స్నాతకోత్తర విద్యను గురించి 1961 నాటి థాకర్ సంఘం మొదలుకొని జరిగిన ఆలోచనకు ఈ కొరతే ప్రధాన నేపథ్యం. 1970లో కేంద్రం ప్రారంభించిన అధ్యాపక నాణ్యతాభివృద్ధి పథకం (క్యూ.ఐ.పి.) కింద, అప్పటికే బోధిస్తున్నవారు తమ కొలువు పోగొట్టుకోకుండా ఐ.ఐ.టి.లలో ఎం.టెక్., పిహెచ్.డి. చేసే వీలు కలిగింది. ఉద్యోగస్తుని ప్రాంగణానికి రప్పించాలంటే అతని ఇల్లు గడిచే ఏర్పాటు కూడా ఉండాలన్న ఎరుక ఈ పథకంలో ఉంది.

ఈ క్రమంలో కీలకమైన నివేదిక యలవర్తి నాయుడమ్మ అధ్యక్షతన ఏర్పడిన సమీక్షా సంఘానిది (1980). గుంటూరు జిల్లా యలవర్రులో పుట్టి, మద్రాసులోని కేంద్రీయ చర్మ పరిశోధన సంస్థను తీర్చిదిద్దిన నాయుడమ్మ గురించి తెలుగులో చాలా రాశారు. ఆ రాతల్లో తోలు పరిశ్రమకు దక్కిన చోటు ఈ నివేదికకు దక్కలేదు. రెండేళ్ల ఎం.టెక్.ను మూడు సెమిస్టర్లకు కుదించడం, ప్రవేశానికి దేశమంతటికీ ఒకే అర్హత పరీక్ష పెట్టడం ఆ సంఘం సూచనల్లో ముఖ్యమైనవి. 1983లో మొదలైన గేట్ పరీక్ష దాని ఫలితమే. గేట్‌లో అర్హత పొంది పూర్తికాలం చేరినవారికి నెలనెలా వేతనం లభించింది. కృష్ణా జిల్లా రైతు కొడుకైనా, ఖమ్మం చేనేత కార్మికుని కూతురైనా ఇంటినుంచి డబ్బు తెప్పించుకోకుండా ఖరగ్‌పూర్‌లోనో కాన్పూర్‌లోనో చదివే అవకాశం ఈ వేతనం వల్ల కలిగింది. నేడు ఆ మొత్తం నెలకు రూ. 12,400.

1995లో నియమితమైన మరో సమీక్షా సంఘానికి లోహశాస్త్రవేత్త పల్లె రామారావు అధ్యక్షులు. ఆ సంఘం 1999 నివేదికలో ఎం.టెక్.ను తిరిగి నాలుగు సెమిస్టర్లకు పెంచాలని సూచించింది. ఏడాదిన్నర కాలం పాఠాలకే చాలడం లేదని, సిద్ధాంత వ్యాసానికి తగిన వ్యవధి లేదని అధ్యాపక లోకంలో ఉన్న అసంతృప్తికి ఇది సమాధానం. కాలవ్యవధిని ఒకరు తగ్గించారు, ఒకరు పెంచారు. ప్రాంగణంలో పూర్తికాలం ఉండే విద్యార్థినే ఇద్దరూ ప్రమాణంగా తీసుకొన్నారన్నది ఇక్కడ గమనించవలసిన విషయం.

3. ఉద్యోగస్తుని దారి

డిప్లొమాతో కొలువులో చేరిన జూనియర్ ఇంజనీరుకు ఈ వేతనం అక్కరకు రాదు. అతనికి ఎన్నో దశాబ్దాలపాటు ఆధారమైనది ఎ.ఎం.ఐ.ఇ. 1920లో స్థాపితమై 1935లో రాజశాసనం పొందిన ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజనీర్స్ (ఇండియా) నిర్వహించిన ఈ పరీక్షలో 'ఎ', 'బి' అనే రెండు విభాగాలున్నాయి. రెండూ గట్టెక్కితే ప్రభుత్వోద్యోగాలకు బి.ఇ.తో సమానంగా చూసేవారు. గేట్ రాసి ఎం.టెక్.లో చేరే అర్హత కూడా వచ్చేది. అచ్చంగా 'కట్టి' చదివిన చదువు ఇది. కష్టమైన పరీక్షగా దానికి పేరుంది, ఆ పేరే దానికి గౌరవం తెచ్చింది. అయినా 2013 మే 31 తరువాత నమోదైనవారికి ఆ సమానత్వం వర్తించదని కేంద్రం నిర్ణయించింది.

నగరంలో ఉన్నవారికి సాయంకాలపు తరగతులు ఉండేవి. ఉస్మానియా ఇంజనీరింగ్ కళాశాలలో పార్ట్‌టైమ్ ఎం.ఇ. చేసేవారు రెండేళ్ల చదువును మూడేళ్లలో ముగించేవారు. ఈ పద్ధతికి భూగోళమే హద్దు. శ్రీశైలం జలవిద్యుత్ కేంద్రంలో పనిచేసే ఇంజనీరు సాయంత్రానికి హైదరాబాదు తరగతికి రాలేడు. అటువంటివారిని ఉద్దేశించినదే తపాలా చదువు. జె.ఎన్.టి.యు. డిప్లొమా ఉద్యోగస్తులకు కరెస్పాండెన్స్‌తో పాటు ప్రత్యక్ష తరగతులు కలిపి బి.టెక్. నడిపింది. పిలానీలోని బిట్స్ 1979 నుంచి ఉద్యోగస్తులకు పట్టా కోర్సులు నిర్వహిస్తూ, ఎం.టెక్. వరకు తీసుకొనివెళ్లింది. విద్యార్థి పనిచేసే కర్మాగారాన్నే ప్రయోగశాలగా ఎంచడం బిట్స్ పద్ధతిలోని మెలకువ. పనిచోట మార్గదర్శకుడు ఉంటాడు, ప్రాజెక్టు కూడా అక్కడి సమస్యపైనే సాగుతుంది.

4. 2017 నవంబరు 3

దూరవిద్యలో ఇంజనీరింగ్ పట్టా చెల్లుతుందా అన్న వివాదం ఒడిశా ఎత్తిపోతల నీటిపారుదల సంస్థలోని పదోన్నతుల తగాదాగా మొదలై సుప్రీంకోర్టుకు చేరింది. 2017 నవంబరు 3న న్యాయమూర్తులు ఎ.కె. గోయల్, యు.యు. లలిత్ తీర్పు చెప్పారు. నాలుగు డీమ్డ్ విశ్వవిద్యాలయాలు ఎ.ఐ.సి.టి.ఇ. అనుమతి లేకుండా దూరవిద్యలో ఇంజనీరింగ్ పట్టాలిచ్చాయని, వాటికి తరువాత లభించిన వెనుకటి తేదీ ఆమోదాలు చెల్లవని నిర్ణయించారు. 2001–2005 మధ్య చేరినవారి పట్టాలను నిలిపివేసి, ఎ.ఐ.సి.టి.ఇ. నిర్వహించే పరీక్షలో నెగ్గితే పునరుద్ధరించవచ్చన్నారు. ఆ తరువాత చేరినవారి పట్టాలు రద్దయ్యాయి.

తీర్పు ప్రధానంగా బి.టెక్. గురించినది. కాని పునాది పట్టా పోయినప్పుడు దానిమీద కట్టుకొన్న ఎం.టెక్., దానివల్ల వచ్చిన పదోన్నతి కూడా ప్రశ్నార్థకమవుతాయి. ప్రయోగశాల, ప్రత్యక్ష శిక్షణ లేని ఇంజనీరింగ్ విద్య విద్యే కాదన్న న్యాయస్థానం వాదంతో విభేదించడం కష్టం. వంతెన డిజైను చేసేవాని చదువు మీద ప్రజల ప్రాణాలు ఆధారపడతాయి. అయితే ఆ సంస్థలను అదుపు చేయవలసిన నియంత్రణ వ్యవస్థ ఏళ్ల తరబడి మిన్నకుండగా, దాని మూల్యం మాత్రం రుసుము కట్టి, సెలవులు పెట్టి పరీక్షలు రాసిన ఉద్యోగి చెల్లించాడు. ప్రాంగణంలో చదివిన విద్యార్థి కాలానికి ప్రభుత్వం వెల చెల్లించింది. ఇతని కాలానికి ఎవరూ చెల్లించలేదు, చివరకు అది లెక్కలోకి కూడా రాలేదు.

యు.జి.సి. 2020 నిబంధనలు ఇంజనీరింగ్‌ను దూరవిద్యలోను, ఆన్‌లైన్‌లోను నిషేధించాయి. ప్రత్యేక చట్టాల కింద ఏర్పడిన ఐ.ఐ.టి.లు ఇదే కాలంలో ఉద్యోగస్తుల కోసం ఎం.టెక్.లు తెరిచాయి. సంగారెడ్డి జిల్లా కందిలో ఉన్న ఐ.ఐ.టి. హైదరాబాదు డేటా సైన్స్‌లో అటువంటి కోర్సును నిర్వహించింది. మగ్గం, రసాయన కొలిమి, ద్రవప్రవాహ తొట్టి అక్కర లేని విషయాలు ముందుగా ఈ దారి పట్టడం సహజమే. ఈ కోర్సుల్లో చేరినవారికి గేట్ వేతనం లేదు. రుసుము ఉద్యోగి సొంతంగా కట్టుకోవాలి, లేదా అతని కంపెనీ కట్టాలి. సాఫ్ట్‌వేర్ సంస్థలు కొన్ని కడుతున్నాయి. నీటిపారుదల శాఖలోని సహాయక ఇంజనీరుకు ఆ వసతి ఏర్పడలేదు.