ఆటకత్తె నుంచి గేమర్ దాకా: ఉత్తరాంధ్ర ఆటలలో స్త్రీ, వేషం, గుర్తింపు

తెలుగులో 'ఆట' అనే మాటకు క్రీడ, నృత్యం, ప్రదర్శన అనే మూడు అర్థాలూ ఉన్నాయి. పిల్లలు ఆడేది ఆటే, భాగవతులు ఆడేదీ ఆటే, సినిమాహాలులో రోజుకు నాలుగుసార్లు పడేదీ ఆటే. అయితే ఆడే మనిషిని చెప్పవలసి వచ్చేసరికి ఈ మాట స్త్రీపురుషుల విషయంలో వేరువేరు దారులు పట్టింది. 'ఆటగాడు' అంటే ఆటలో నేర్పరి. 'ఆటకత్తె', 'ఆటవెలది', 'ఆటది' అంటే మాత్రం నాట్యమాడే స్త్రీ, ఆపైన వేశ్య. బరిలోనో పందెంలోనో ఆడే స్త్రీని గౌరవంగా చెప్పే దేశిపదమేదీ నిలబడలేదు. ఆ లోటు తీర్చుకోవడానికి పత్రికాభాష 'క్రీడాకారిణి' అనే సంస్కృత పదాన్ని ఆశ్రయించింది. ఇవాళ ఫోనులో ఆడే యువతి తనను తాను 'గేమర్' అని చెప్పుకుంటుంది. అది లింగసూచన లేని అరువు మాట.

ఈ పదాల మార్పు వెనుక ఒక సామాజిక చరిత్ర ఉంది. ఆటలో స్త్రీకి చోటు ఎలా దొరికింది, ఏ షరతు మీద దొరికింది, ఆ చోటు కోసం ఆమె ఏ వేషం వేయవలసి వచ్చింది అన్న ప్రశ్నలను శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. 1950లో శ్రీకాకుళం జిల్లా, 1979లో విజయనగరం జిల్లా ఏర్పడ్డాయి. సాంస్కృతికంగా ఈ రెండూ ఒకే సీమ కనుక ఇక్కడ కలిపి చూడడమైంది.

గడప లోపల, గడప వెలుపల

వామనగుంటలు, అచ్చనగాయలు, అష్టాచెమ్మా, గవ్వలాట కూర్చుని ఆడే ఆటలు. వీటికి అరుగో, నట్టిల్లో చాలు. చెడుగుడు, గోలీలు, కర్రాబిళ్ల వీధినీ మైదానాన్నీ కోరతాయి. చెమ్మచెక్క, తొక్కుడుబిళ్ల వంటి ఆటలలో బాలికలు గెంతినా, ఆ గెంతులకు ఈడు హద్దు ఉండేది. వ్యక్తురాలైన పిల్లకు వీధి ఆటలు మాన్పించేవారు. కూర్చుని ఆడేవి మిగిలేవి. జానపద క్రీడలను 'ఆడపిల్లల ఆటలు', 'మగపిల్లల ఆటలు' అని జాబితాలు వేసేటప్పుడు ఈ సంగతి మరుగున పడుతుంది. విభజన ఆటల స్వభావంలో లేదు, గడపలో ఉంది. లెక్క, జ్ఞాపకం, ఎత్తుగడ పుష్కలంగా కావలసిన వామనగుంటలు ఆడదాని కాలక్షేపం అయింది. అదే నైపుణ్యం కోరే పేకాట మగవారి కూటమికి చేరింది.

పేకాట కూటమిలో మధురవాణి

ఈ మగవారి కూటమిలోకి ఒక స్త్రీ ప్రవేశించిన ప్రసిద్ధ సాహిత్య సందర్భం విజయనగరం నుంచే వచ్చింది. 1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శితమై, 1897లో అచ్చయి, 1909లో సమూలంగా మారిన రూపంలో వెలువడిన గురజాడ వేంకట అప్పారావు 'కన్యాశుల్కం'లో మధురవాణి భుక్త, పోలిశెట్టి, సిద్ధాంతులతో కూర్చుని పేకాడుతుంది. ఈ రంగాన్ని విమర్శకులు హాస్యానికీ, పాత్రోచిత భాషకూ ఉదాహరణగా చూశారు. ఆటల చరిత్ర వైపు నుంచి చూస్తే ఇక్కడ మరొకటి కనిపిస్తుంది. ఆ నాటకంలోనే బుచ్చమ్మ ఉంది, మీనాక్షి ఉంది, వెంకమ్మ ఉంది. వారిలో ఎవరూ ఆ కూటమిలో కూర్చోగలిగేవారు కారు. మధురవాణి కూర్చుంది; ఎందుకంటే ఆమె అప్పటికే 'ఆటకత్తె'. కుటుంబస్త్రీ హోదాకు వెలుపల ఉండడమే ఆమెకు ఆటలో చోటు ఇచ్చింది. చోటుకు చెల్లించిన మూల్యం గౌరవం. 'ఆటకత్తె' అన్న పదంలో నిక్షిప్తమైన బేరం ఇదే.

రెండు వేషాలు

కన్యాశుల్కంలో లింగం మార్చుకున్న వేషాలు రెండు. కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడపిల్ల వేషం వేసి లుబ్ధావధాన్లకు పెళ్లి చేస్తాడు. చివర లుబ్ధావధాన్లను హత్యానేరం నుంచి కాపాడడానికి మధురవాణి మగవేషంలో సౌజన్యారావు పంతులు ఇంటికి వెళ్తుంది. ఈ రెండూ కథను నడిపే ఉపాయాలే అయినా వాటి స్వభావం ఒకటి కాదు.

శిష్యుడి ఆడవేషం ఒక విద్య. నాటకంలో విదూషకుడైన గురువు దాన్ని సమకూర్చాడు. వేషం ఎంత బాగా కుదిరితే వాడికి అంత మెప్పు. పని కాగానే చీర విప్పి మామూలు కుర్రవాడై పోతాడు. వేసినందుకు వాడి పేరుకు మచ్చ రాదు. మధురవాణి మగవేషం అలాంటిది కాదు. వేశ్యలను దగ్గరకు రానీయని నియమం గల సంస్కర్త ఎదుట మాట వినిపించాలంటే ఆమె స్త్రీగా, అందునా తానుగా, కనిపించరాదు. వేషం ఉన్నంతసేపు ఆమె మాటకు న్యాయవాది గదిలో విలువ ఉంది. వేషం తీయగానే చర్చ ఆమె చెప్పిన విషయం నుంచి ఆమె ఎవరన్న విషయానికి మళ్లుతుంది. పురుషుడి స్త్రీవేషం ప్రదర్శన అయితే, స్త్రీ పురుషవేషం ప్రవేశపత్రం.

నాటకం వెలుపల రంగస్థల చరిత్ర కూడా ఈ తేడాను సమర్థిస్తుంది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాలలో వ్యాపించిన తూర్పుభాగవతంలో మద్దెల మోతకు దీటుగా సత్యభామగా ఆడినవారు పురుషులు. ఆ భూమికే కళాకారుడి సత్తాకు గీటురాయి. కోస్తాలో స్త్రీపాత్రలతో పేరు పొందిన స్థానం నరసింహారావుకు 1956లో పద్మశ్రీ లభించింది. స్త్రీవేషం వేసిన పురుషుడికి సన్మానం దక్కిన కాలంలోనే, స్త్రీగా రంగమెక్కిన స్త్రీకి 'ఆటకత్తె' అన్న నింద తప్పలేదు.

వేషం చెల్లని బరి

వేషానికి చోటులేని ఆట బలప్రదర్శన. ఈ సీమకు అందులో పేరు తెచ్చినవాడు వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు. ఆయన 'కలియుగ భీముడు'గా జనం నోట నిలిచాడు. బలం మగవాడి సొత్తు అన్న భావనకు ఇటువంటి బిరుదులే భాష. అదే సీమలో, ఆమదాలవలస చెంత ఊసవానిపేటలో 1975లో పుట్టిన కరణం మల్లేశ్వరి నీలంశెట్టి అప్పన్న శిక్షణలో బరువులెత్తడం నేర్చుకుని, 1994, 1995లలో ప్రపంచ విజేత అయింది. 2000 సెప్టెంబరు 19న సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం సాధించింది. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ ఆమె.

ఆ తేదీ ప్రాధాన్యం పతకంతో ముగియదు. పురుషుల బరువులెత్తే పోటీలు 1896లో మొదటి ఆధునిక ఒలింపిక్స్‌లోనే ఉన్నాయి. స్త్రీలకు ఆ అవకాశం సిడ్నీలోనే మొదటిసారి వచ్చింది. 1968 నుంచి ఒలింపిక్స్‌లో స్త్రీలు తాము స్త్రీలమేనని పరీక్షలతో రుజువు చేసుకోవలసి ఉండేది. అందరికీ తప్పనిసరి చేసిన ఆ పరీక్షలను అంతర్జాతీయ ఒలింపిక్ సంఘం 1999లో విరమించింది. అంటే మల్లేశ్వరి వేదికనెక్కిన నాటికి ఆడదానికి బరువు ఎత్తే హక్కూ, ఆడతనానికి ధ్రువపత్రం చూపకుండా ఆడే హక్కూ దాదాపు ఒక్కసారే అందాయి. అనుమానం అంతటితో పోలేదు. పొరుగున ఒడిశాకు చెందిన పరుగుల క్రీడాకారిణి ద్యుతీ చంద్‌ను 2014లో హార్మోన్ నిబంధన పేరిట పోటీలకు దూరం పెట్టారు. ఆమె అంతర్జాతీయ క్రీడా న్యాయస్థానానికి వెళ్లి 2015లో తిరిగి బరిలోకి రాగలిగింది. 'బాగా ఆడుతున్నది నిజంగా ఆడదేనా' అన్న ప్రశ్న బరిలో దేహం మీద పడింది. ఈ ప్రశ్నే తర్వాత తెర మీద గొంతు మీద పడుతుంది.

ఈలోగా ఉత్తరాంధ్రలో ఒక దారి పడింది. విజయనగరం జిల్లా నెల్లిమర్ల మండలం కొండవెలగాడ బరువులెత్తే క్రీడాకారిణుల ఊరుగా పేరు పొందింది. ఆ ఊరి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడలలో పతకం గెలిచింది. ఒక్కరి విజయం ఊరి అలవాటుగా మారినప్పుడే 'క్రీడాకారిణి' అన్న పదం పత్రిక నుంచి వాడకంలోకి దిగుతుంది.

తెర మీది వేషం

వీడియో ఆటలో దేహం కనిపించదు. కనుక లింగభేదం సమసిపోవాలి అనిపిస్తుంది. జరిగింది అది కాదు. ఆ రంగం తొలినాళ్లలోనే స్త్రీలు నిర్మాతలుగా ఉన్నారు. 1980లో రాబర్టా విలియమ్స్ 'మిస్టరీ హౌస్'ను, 1982లో కరోల్ షా 'రివర్ రెయిడ్'ను రూపొందించారు. అయినా ఆటలు మగపిల్లల సరుకుగా అమ్ముడై, ఆటగాడు మగవాడే అన్న ఊహ స్థిరపడింది. 1986లో జపాన్ నుంచి వచ్చిన 'మెట్రాయిడ్' ఆ ఊహతోనే ఆడుకుంది. ఆసాంతం కవచంలో పోరాడిన సామస్ అరాన్ స్త్రీ అని ఆట చివర తెలుస్తుంది.

ఈ బయటపడడాన్ని మధురవాణి బయటపడడంతో పోల్చి చూడాలి. మధురవాణి తన వేషాన్ని తానే, తన వాదం గెలిచిన క్షణాన, తన ఇచ్ఛతో తీసింది. సామస్ కవచం ఆడేవాడికి బహుమానంగా తొలగుతుంది. ఆటను ఎంత వేగంగా ముగిస్తే ఆమె అంత తక్కువ దుస్తులలో కనిపిస్తుంది. ఒకచోట వేషం తీయడం స్త్రీ మాట, మరొకచోట ప్రేక్షకుడి గెలుపు. దాదాపు ఎనభై ఏళ్ల తరువాత వచ్చిన రూపం ఈ విషయంలో వెనుకబడే ఉంది.

పలువురు కలిసి ఆడే ఆటలు వచ్చాక ప్రతి ఆటగాడూ వేషధారి అయ్యాడు. అక్కడా పాత అసమానతే కనిపిస్తుంది. పురుషుడు స్త్రీబొమ్మను ఎంచుకుంటే అది సరదా, అభిరుచి. స్త్రీ మగపేరు పెట్టుకుని మైకు ఆపుకుని ఆడితే అది రక్షణ. గొంతు వినబడిన మరుక్షణం వెకిలి పలకరింపులు, 'ఎవరో ఆడిపెడుతున్నారు' అన్న అనుమానాలు, ఓడితే ఆడజాతి మొత్తానికి అంటగట్టే ఎగతాళి మొదలవుతాయి. 2014లో అమెరికాలో 'గేమర్‌గేట్' పేరిట నిర్మాతలైన జోయీ క్విన్, బ్రియానా వూ, విమర్శకురాలు అనితా సర్కీసియన్‌ల మీద సాగిన బెదిరింపులు ఈ ధోరణికి బహిరంగ రూపం. ఆటల గురించి మాట్లాడినందుకే ఇల్లు విడిచి వెళ్లవలసిన పరిస్థితి వారికి ఎదురైంది.

వేషం ఎప్పుడూ బలవంతమే అనడం కూడా సరికాదు. పుట్టుకతో నమోదైన లింగంతో తమను పోల్చుకోలేనివారికి తెర మీది పేరూ రూపూ మొదటిసారి తమవిగా తోచవచ్చు. స్వీయ లింగనిర్ణయ హక్కును భారత సర్వోన్నత న్యాయస్థానం 2014 ఏప్రిల్ 15న నాల్సా తీర్పులో గుర్తించింది. ఇచ్ఛతో ధరించే వేషం వేరు, భయంతో ధరించే వేషం వేరు. విచక్షణ వేషం మీద కాదు, దాన్ని తీసే స్వేచ్ఛ ఎవరి చేతిలో ఉంది అన్న దాని మీద నిలవాలి.

గడప మళ్లీ కదిలింది

ఈ శతాబ్ది మొదటి దశకంలో చిన్న పట్టణాల నెట్ సెంటర్ పాత పేకాట కూటమికి వారసురాలు. ఆడపిల్ల అప్లికేషన్ నింపడానికి వెళ్లేది, ఆటకు కూర్చునేది కాదు. 2016 తర్వాత చవకైన డేటాతో ఆట ఫోనులోకి, అంటే నట్టింట్లోకి వచ్చింది. వామనగుంటలకు ఉన్న చోటే దీనికీ దొరికింది. తేడా ఒక్కటి: వామనగుంటల చుట్టూ తెలిసినవారు ఉండేవారు, ఫోను ఆటలో వీధి మొత్తం ఇంట్లోకి వస్తుంది. గడప దాటనవసరం లేకుండానే బరిలో దిగే అవకాశమూ, గడప కాపాడలేని వేధింపూ జంటగా వచ్చాయి.

ప్రభుత్వ చర్చ మరో మార్గంలో నడిచింది. 1974 నాటి ఆంధ్రప్రదేశ్ జూద నిషేధ చట్టాన్ని 2020లో సవరించి ఆన్‌లైన్ పందాలను దాని పరిధిలోకి తెచ్చారు. 2025లో కేంద్రం చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు ఆటలను నిషేధించి ఈ-క్రీడలను ప్రోత్సహించదగినవిగా వేరు చేసింది. పోలిశెట్టి పేకముక్క నుంచి నేటి ఫోను దాకా చట్టం అడిగిన ప్రశ్న ఒకటే: ఆటలో డబ్బు ఉందా? ఆటలో ఎవరు ఉండగలుగుతున్నారు అన్న ప్రశ్న ఈ చర్చలో వెనుకబడింది.

ముగింపు

పై పరిశీలనలో తేలినవి మూడు. ఒకటి, ఈ సీమ ఆటలలో స్త్రీకి చోటు లేకపోవడం కంటే షరతులతో కూడిన చోటు ఉండడమే చరిత్ర: మధురవాణికి గౌరవం మూల్యం, బరిలోని స్త్రీకి దేహపరీక్ష, తెర మీది యువతికి మౌనం. రెండు, వేషధారణలో స్త్రీపురుషుల అసమానత వీడియో ఆటలతో పుట్టలేదు. 1909 నాటి కన్యాశుల్కంలోనే దాని పూర్తి నమూనా ఉంది. మూడు, వేషం లేకుండా బరిలో నిలిచిన మల్లేశ్వరి, ఆమె తరువాత కొండవెలగాడ క్రీడాకారిణులు, గుర్తింపు దాచుకోనవసరం లేని స్థితి సాధ్యమేనని చూపారు. ఆ స్థితి వారి కండబలం ఒక్కదానితో రాలేదు. శిక్షకుడు, ఊరు, పోటీ నిబంధనలు కలిసివచ్చాక వచ్చింది.

'అందకత్తె', 'చెలికత్తె' అన్న మాటలలో లేని నింద 'ఆటకత్తె'లో ఉందంటే దోషం ప్రత్యయానిది కాదు, ఆటను చూసిన సమాజానిది. 'గేమర్' అన్న పదం ఆ నిందను తప్పించింది కాని తీర్చలేదు. అది కూడా ఒక రకమైన మగవేషమే. జానపద క్రీడలను సేకరించే తెలుగు శాఖలు ఈ కొత్త ఆటల పేర్లను, పిలుపులను, తిట్లను కూడా సేకరించి చర్చకు పెట్టవలసి ఉంది. మైకు ఆపుకున్న ఆటకత్తె మాట నమోదు కాకపోతే, మన ఆటల చరిత్ర మరోసారి ఆటగాళ్ల చరిత్రగానే మిగులుతుంది.