వాద్యాల వంశావళి: రాయకుండా వదిలిన సగం

పాత వాద్యాలు సేకరించే సంపన్నులు బేరానికి కూర్చోగానే ముందు అడిగేది వంశావళి. వాద్యం ఏ సంవత్సరంలో తయారైంది, ఏ కార్ఖానాలో తయారైంది, ఎవరెవరి దగ్గర ఉండి వచ్చింది? వీటికి సరైన సమాధానాలుంటే ధర పెరుగుతుంది. లేకపోతే అదే వాద్యం పాత సామాను కింద లెక్క. వాద్యాల చరిత్ర పేరిట అచ్చవుతున్నదానిలో చాలా భాగం ఈ బేరసారాల అవసరం కోసం పుట్టిందే. అందువల్ల ఆ చరిత్ర కార్ఖానా గుమ్మం దగ్గర మొదలై అద్దాల బీరువా దగ్గర ముగుస్తుంది. కార్ఖానాకు ముందు ఏముంది, వాయించినవాడు ఏమయ్యాడు అన్న ప్రశ్నలు అందులోకి రావు.

తిరుపతి, చిత్తూరు ప్రాంతపు రచయితలకు ఇవి దూరపు ప్రశ్నలు కావు. ఎందుకు కావో చెప్పేముందు, సేకరణదారుల లోకంలో బాగా పేరుపడ్డ ఒక వాద్యం కథ చూడవలసి ఉంది.

1

1920లలో అమెరికాలో గిటారు వాయించేవారికి ఒక చిక్కు ఉండేది. నాట్యశాలల్లో బాకాలూ డోళ్లూ మోగుతుంటే గిటారు వినిపించేది కాదు. విద్యుత్తుతో దాని ధ్వనిని పెంచే సాధనం అప్పటికి బజారులోకి రాలేదు. జార్జి బీచమ్ అనే రంగస్థల వాద్యకారుడు, జాన్ డోప్యేరా అనే స్లోవాక్ వలస కుటుంబపు పనివాడు కలిసి దీనికొక ఉపాయం కనిపెట్టారు. లోహంతో చేసిన గిటారు కడుపులో పలుచని అల్యూమినియం శంకువులు అమర్చారు. తీగల కంపనం ఆ శంకువులకు చేరి, వాటి నుంచి పెద్దదై బయటికి వస్తుంది. 1927లో లాస్ ఏంజెలెస్‌లో నేషనల్ అనే పేరుతో ఈ గిటార్లు మొదలయ్యాయి. భాగస్వాములకు పొసగక డోప్యేరా 1928లో బయటికి పోయి, సోదరులతో కలిసి డోబ్రో అనే మరో రకం తయారుచేశాడు. వీటినే రెజొనేటర్ గిటార్లంటారు.

మొదటి రకాలు ఖరీదైనవి. ఆర్థిక మాంద్యం వచ్చాక కంపెనీ ఒకే శంకువుతో చౌక రకాలు దించింది. వాటిలో డ్యువోలియన్ అనేదాని వెల ముప్పైరెండున్నర డాలర్లు. మిసిసిపీ ప్రాంతపు నల్లజాతి గాయకులకు అందుబాటులోకి వచ్చింది ఈ చౌక రకమే. వీధిలో, సారా అంగట్లో, పత్తిచేల కూలీల శనివారపు రాత్రుల్లో మైకు లేకుండా పదిమందికి వినిపించే గిటారు వారికి కావలసి వచ్చింది. బుక్కా వైట్, సన్ హౌస్ వంటి గాయకుల పేర్లు ఈ వాద్యంతో పెనవేసుకున్నాయి.

1930లలోనే విద్యుత్ గిటారు వచ్చింది. శంకువుల అవసరం తీరిపోయింది. రెండో ప్రపంచ యుద్ధం నాటికి వీటి తయారీ ఆగింది. ఆ తరువాత కొన్ని దశాబ్దాలకు ఇవే సేకరణ వస్తువులయ్యాయి. 1985లో వెలువడిన 'బ్రదర్స్ ఇన్ ఆర్మ్స్' అనే రికార్డు అట్టమీద మెరిసే నేషనల్ గిటారు బొమ్మ ప్రపంచమంతా తిరిగింది. తల వెనుక ముద్రించిన సంఖ్యను బట్టి తయారైన కాలాన్ని తేల్చే పట్టికలు పుట్టాయి. ఒకనాడు కూలివాడికోసం చౌకగా దించిన రకం కూడా ఈనాడు కూలివాడు కొనగలిగింది కాదు.

సన్ హౌస్ సంగతి ఏమిటి? పాత రికార్డులమీద మోజుపడ్డ యువకులు 1964లో ఆయనను వెదుక్కుంటూ పోయి రోచెస్టర్ నగరంలో కనుగొన్నారు. ఆయన రైల్వేలో పని చేసి, పాట మానేసి ఏళ్లు గడిచాయి. ఆయన దగ్గర గిటారు కూడా లేదు. తన పాటలు తానే మళ్లీ నేర్చుకోవలసి వచ్చింది. గిటార్లకు వంశావళి పట్టికలు తయారుచేసిన సమాజం, ఆ గిటారుకు పేరు తెచ్చినవాడి చేతిలో ఒక గిటారు మిగిలిందో లేదో అంతకాలమూ పట్టించుకోలేదు. వాద్యానికి విలువ పెరగడం, వాయించినవాడికి విలువ పెరగడం ఒకటే అనుకునే అమాయకత్వాన్ని ఈ ఒక్క ఉదాహరణ చాలు తొలగించడానికి.

2

లోహపు గిటారు వంశావళి కార్ఖానాతో మొదలైతే మనకు పెద్దగా పట్టింపు ఉండకపోవచ్చు. కాని కర్రతో చేసిన వాద్యాల వంశావళి అడవిలో మొదలవుతుంది. అందులో ఒకటి మన అడవి.

ఎర్రచందనం సహజంగా పెరిగేది ప్రపంచంలో తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే. శేషాచలం, పాలకొండలు, లంకమల, వెలిగొండల రాతినేలల్లో, వానలు తక్కువైన చోట అది నిదానంగా పెరుగుతుంది. దాని చేవ నీటిలో మునిగేంత బరువు. మన ఇళ్లలో దానిని సానమీద అరగదీసి వాపులకు పట్టువేశారు. తిరుపతి బొమ్మలు చెక్కారు. ఐరోపా వర్తకులు కోరమాండల్ రేవుల నుంచి దానిని రంగు కోసం ఓడలకెత్తారు. కృత్రిమ రంగులు వచ్చాక ఆ గిరాకీ తగ్గింది.

తరువాత వచ్చిన గిరాకీలలో ఒకటి వాద్యానిది. జపానులో షామిసెన్ అనే మూడు తీగల వాద్యం ఉంది. తోలు బిగించిన చిన్న పెట్టె, పొడవైన మెడ దాని ఆకారం. మెట్లు ఉండవు. తీగను వేలితో నేరుగా కర్రకే నొక్కాలి. మెత్తని కర్ర అయితే తీగల ఒరిపిడికి గాళ్లు పడతాయి. అందుచేత గట్టి కర్ర మేలు. ఆ మెడకు అన్నింటికన్నా ఉత్తమమని జపాను వాద్యకారులు ఎంచిన కర్ర మన ఎర్రచందనం. అందులోనూ అలలు తేలినట్టు చారలున్న కర్రకు ధర ఎక్కువ. ఆ చారలు ధ్వనికి ఏమి చేకూరుస్తాయన్నది వేరే మాట, కొనేవాడి హోదాకు మాత్రం చేకూరుస్తాయి.

ఇక్కడొక విషయం గమనించాలి. షామిసెన్ పుట్టుకతో ధనవంతుల వాద్యం కాదు. కబుకి నాటకశాలల్లోనూ బొమ్మలాటల్లోనూ అది మోగింది. గోజే అనే అంధ గాయనులు దానిని భుజాన వేసుకుని మంచులో ఊరూరా తిరిగి కథలు పాడి బతికారు. మన జంగం దేవర చేతి తంబురాకూ ఆ అంధ గాయని చేతి షామిసెన్‌కూ ఉన్న బంధుత్వం, బీరువాలోని షామిసెన్‌కు లేదు.

అడవి ఎవరిది అన్న ప్రశ్నకు జవాబు 1882లోనే మారింది. ఆ ఏడు వచ్చిన మద్రాసు అటవీ చట్టం కొండ అంచు పల్లెల పశువుల మేతను, వంటచెరకును, వ్యవసాయపు కర్రను రిజర్వు హద్దుల లోపలికి నెట్టింది. స్వాతంత్ర్యం వచ్చాక 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం ఆ హద్దులను చెరపలేదు. 1995లో ఎర్రచందనం అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ జాబితాకెక్కింది. చెట్టును కాపాడడానికి ఈ నియంత్రణ అవసరమే, కాదనలేం. కాని నియంత్రణతో పాటు దొంగ బజారు ధర పెరిగింది. 2000 తరువాత చైనా సంపన్నుల ఇళ్ల సామగ్రికి వచ్చిన గిరాకీ ముందు వాద్యాల గిరాకీ చిన్నదైపోయింది. పట్టుబడిన దుంగలను రాష్ట్ర ప్రభుత్వమే 2014లో అంతర్జాతీయంగా ఈ-వేలం వేసింది. ఒకే కర్ర, అడవిలో కూలివాడి భుజాన ఉంటే నేరం, వేలంలో ఉంటే ఖజానాకు ఆదాయం.

2015 ఏప్రిల్ 7న చంద్రగిరి మండలం శేషాచలం అడవిలో ప్రత్యేక పోలీసు దళం కాల్పుల్లో 20 మంది చనిపోయారు. వారు తమిళనాడు నుంచి వచ్చినవారు. తిరువణ్ణామలై, ధర్మపురి జిల్లాలవారు ఎక్కువమంది. చెట్లు నరకవచ్చినవారు దాడి చేస్తే ఆత్మరక్షణకు కాల్చామన్నారు పోలీసులు. ఇది బూటకపు ఎన్‌కౌంటర్ అన్నాయి హక్కుల సంఘాలు. జాతీయ మానవహక్కుల కమిషన్ విచారణకు పూనుకుంది. వారిలో ఏ ఒక్కడూ షామిసెన్‌ను చూసి ఉండడు. తాను మోసే దుంగ ఏ దేశంలో ఏ వస్తువవుతుందో తెలియకుండానే కూలివాడు దానిని మోస్తాడు. కొన్నవాడికీ ఆ కూలి సంగతి తెలియదు. తెలియకపోవడం ఇద్దరికీ సమానమే, కాని దాని మూల్యం ఇద్దరికీ సమానం కాదు. ఒకరికి వంశావళిలో ఒక ఖాళీ, మరొకరికి ప్రాణం.

3

ఇక అసలు వంశావళే లేని మన వాద్యం దగ్గరికి వద్దాం. బుర్రకథకు ఆ పేరు తెచ్చిన బుర్ర, తంబురా అడుగున నాదాన్ని పెంచే భాగం. సొరకాయను ఎండబెట్టి గుజ్జు తీసేస్తే మిగిలే డొల్ల. అమెరికాలో అల్యూమినియం శంకువు చేసిన పనినే మన పల్లెల్లో ఈ సొరబుర్ర అంతకుముందు ఎన్నో తరాల నుంచి చేస్తూ వచ్చింది. వీణ మెడకింద ఉన్నదీ బుర్రే. వీణను గూడేలకూ వాడలకూ దూరంగా ఉంచారు. తంబురా మాత్రం జంగాల భుజాన, తత్వాలు పాడే బైరాగుల భుజాన ఊళ్లు తిరిగింది.

1943లో ప్రజానాట్యమండలి ఏర్పడ్డాక ఈ వాద్యం చేతులు మారింది. కథకుడి చేతిలో తంబురా, బొటనవేలికి అందె, ఇరుపక్కలా గుమ్మెటలతో వంతలు, ఒకరు రాజకీయం, ఒకరు హాస్యం. భక్తి కథ పాడిన బుర్రే రైతు కష్టం పాడింది. దూదేకుల కుటుంబంలో పుట్టిన షేక్ నాజర్ దానిని జాతి వినేటట్టు పాడాడు. 1986లో పద్మశ్రీ వచ్చింది. 1997లో ఆయన కన్నుమూశాడు. ఈ మార్పుకు కొత్త వాద్యమేదీ అవసరం కాలేదు. వాద్యం ఎవరి చేతిలో ఉన్నది, ఆ చేయి ఎవరి పక్షాన ఉన్నది అన్నదే మారింది. వాద్యానికి సొంత వర్గస్వభావం ఉండదన్న మాటకు ఇంతకన్నా నిదర్శనం అక్కరలేదు.

అయినా సేకరణదారుడు ఈ బుర్ర కోసం పోటీ పడడు. దానికి సంఖ్య లేదు, కార్ఖానా లేదు, సంతకం లేదు. చేసినవాడి పేరు ఆ ఊరివాళ్లకే తెలుసు. ఆ పేరు రాసిపెట్టే పని మనదైనా మనమూ చేయలేదు.

4

సేకరణనే తప్పుపట్టడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. తిరుమల గుడిలోని సంకీర్తనా భాండాగారాన్నే తీసుకోండి. తాళ్లపాకవారి వేలాది కీర్తనలు రాగిరేకుల మీద అక్కడ భద్రంగా మిగిలాయి. ఆ గది లేకపోతే ఈనాడు మనకు ఆ సాహిత్యం దక్కేది కాదు. కాని రేకులమీద రాగం పేరు మాత్రమే ఉంది, స్వరాలు లేవు. 20వ శతాబ్దంలో రేకులు బయటికి వచ్చాక రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటివారు చాలా పాటలకు కొత్తగా వరసలు కట్టవలసి వచ్చింది. గది అక్షరాన్ని కాపాడింది. పాట బతకాలంటే పాడే గొంతులు తరాల తరబడి పాడుతూ ఉండాలి. ఆ పని ఏ గదీ చేయలేదు. 1959లో తిరుపతిలో వెలిసిన శ్రీ వేంకటేశ్వర సంగీత నృత్య కళాశాల విలువ ఇక్కడే తెలుస్తుంది. వీణ ఇంట్లో లేనివారి పిల్లలు కూడా వీణ ముట్టుకోగల చోటు అది.

2022లో పాత చిత్తూరు జిల్లా విడిపోయి తిరుపతి వేరే జిల్లా అయింది. కొత్త జిల్లాలకు కొత్త చరిత్రలు రాయబూనేవారు దేవాలయాలను, సంస్థానాలను, కవులను ఎలాగూ రాస్తారు. అందులో ఒక వాద్యం పేరు వచ్చినప్పుడల్లా నాలుగు సంగతులు చేర్చమని మన రచయితలనూ సాహిత్య విద్యార్థులనూ కోరుతున్నాం: దాని కర్ర ఎక్కడిది, ఎవరు నరికారు, ఎవరు చేశారు, ఎవరు వాయించారు. ఇంకా పాడుతున్న తంబురా మనిషి మీ ఊళ్లో ఉంటే ముందు ఆయన దగ్గరికే వెళ్లండి. తంబురా కొనడానికి కాదు, ఆ బుర్ర ఎవరు తొలిచిందో అడిగి రాసుకోవడానికి.