మౌనదోషము: హైదరాబాదు చరిత్ర నేర్పు పాఠము



కౌరవసభలో ద్రౌపదికి పరాభవము జరుగుచుండగా భీష్మద్రోణాదులు మిన్నకుండిరి. అది యధర్మమని నిర్భయముగా బలికినవారిలో వికర్ణుడొకడు. అతడు దుర్యోధనుని తమ్ముడు. పరపక్షమువారి తప్పును నిందించుట సులభము; తనవారి తప్పును ఖండించుటయే కష్టము. మన తెలుగునేలపై నడచిన చరిత్రయే దీనికి నిదర్శనము.

హైదరాబాదు సంస్థానములో మజ్లిస్ ఇత్తెహాదుల్ ముస్లిమీన్ అను సంస్థ 1927లో పుట్టెను. 1946లో లాతూరు వకీలు కాసిం రజ్వీ దాని కధ్యక్షుడయ్యెను. రజాకార్లనబడు దాని స్వచ్ఛందసేవకులు అతని నాయకత్వమున సాయుధదళముగా మారిరి. 1947 అక్టోబరు 27వ తేదీ తెల్లవారుజామున, యథాతథ ఒడంబడికకై ఢిల్లీకి బయలుదేరనున్న ప్రతినిధుల యిండ్లను ఆ సంస్థవారు గుంపులుగా జుట్టుముట్టిరి. ప్రధానమంత్రియగు ఛత్తారీ నవాబు సైతము కదలలేకపోయెను. నైజాము గుంపును దండించుటకు మారుగా ప్రతినిధివర్గమునే మార్చెను. ఛత్తారీ పదవి వీడెను. గుంపునకు లొంగిన యధికారము మరల గుంపును శాసింపజాలదు గదా! పిదప పల్లెలలో దోపిడులు, గృహదహనములు ప్రబలెను.

ఆ దినములలో నిర్భయముగా గొంతెత్తినవాడు షోయబుల్లా ఖాన్. ఇమ్రోజ్ అను ఉర్దూపత్రికకు సంపాదకుడు. అప్పటికి 28 యేండ్లు నిండలేదు. రజాకార్ల దౌర్జన్యములను ఖండించెను. సంస్థానము భారతదేశమున గలియవలెనని యేడుగురు ముస్లిం ప్రముఖులు చేసిన ప్రకటనను తన పత్రికలో బ్రకటించెను. 1948 ఆగస్టు 21వ తేదీ రాత్రి యింటికి మరలుచుండగా దుండగులు దారిగాచి కాల్చి, చేయి నఱకిరి. ఆతడు మరణించెను. ఆ వారములోనే, 27వ తేదీన, బైరాన్‌పల్లిలో పదులకొలది గ్రామస్థులు బలియైరి.

సెప్టెంబరు 13న భారతసైన్యము ప్రవేశించెను; 17న నైజాము లొంగెను. అంతటితో హింస యాగలేదు. ప్రతీకారమను పేర నిరపరాధులగు ముస్లిములు వేలకొలది చంపబడిరి. పండిత సుందర్‌లాల్ మండలి ఆ సంఖ్యను 27 వేలు మొదలు 40 వేల వరకు నంచనా వేసెను. పొరుగువారిని గాపాడిన హిందువులును గలరని ఆ మండలియే తెలిపెను. కావున ధర్మము గాని, అధర్మము గాని యే యొక్క మతము సొత్తు గాదు. కొందరి యున్మాదమునకు వెల చెల్లించువారు మాత్రము ఎల్లప్పుడు సామాన్యులే.

ఇది యితరుల కథ యని విని యూరకుండరాదు. కొన్నియేండ్ల క్రిందట మనవారి సమావేశమొకదానిలో ఒక యువకుడు పొరుగుకులమువారిని గూర్చి మిక్కిలి పరుషముగా మాటలాడెను. కొందరు చప్పట్లు గొట్టిరి. వేదికపైనున్న నేను, పిన్నవాడు, ఆవేశము తానే తగ్గునని మిన్నకుంటిని. నలువది యేండ్లు పిల్లలకు నీతిశాస్త్రము బోధించిన నేను ఆనాడు పాఠము మఱచితిని. ఆ మౌనము నేటికిని నన్ను బాధించుచున్నది.

మన సంఘము విద్యార్థుల వసతికై, పేదల చదువునకై, వధూవరుల శుభమునకై యేర్పడినది. పరద్వేషమునకు వేదిక గారాదు. మనవారిలో దుడుకుమాట పుట్టిన దినముననే మనమే మందలింపవలెను. అప్పుడు విడువవలసినది మొగమాట మొక్కటియే. ఆ మాట కత్తిగా మారిన పిదప మందలింపదలచినవాడు ప్రాణమునే యొడ్డవలసివచ్చును. ఈ మహాసభకు నా విన్నపమిదియే.