విందులో పాట ఎవరిది?

"పెద్దమ్మా, మన దిక్కు ఇసొంటి పండుగ ఏడన్న ఉన్నదా?"

జనవరిలో ఒక రాత్రి గ్లాస్గో నుంచి మా చెల్లెలి కూతురు ఫోన్ చేసి అడిగిన మాట ఇది. వాళ్ల హాస్టల్లో బర్న్స్ సప్పర్ చేస్తున్నారట. అందులో ఒక మగపిల్లవాడు లేచి ఆడవాళ్లను పొగుడుతూ మాట్లాడతాడు. దానికి ఒక ఆడపిల్ల జవాబు చెప్పాలి. ఆ జవాబు చెప్పే పని మా పిల్లకు అప్పగించారు. "ఆడోళ్లు నవ్వాలె, మొగోళ్లకు కోపం రావద్దు, అట్ల మాట్లాడమన్నరు. మన దగ్గరిది ఏదన్న చెప్తే బాగుంటదని నాకనిపించింది" అంది.

నల్గొండలో ముప్పై ఏళ్లు ఆడపిల్లలకు చరిత్ర పాఠాలు చెప్పినదాన్ని. అయినా ఆ రాత్రి నాకు వెంటనే జవాబు తోచలేదు. రెండు రోజులాగి చెయ్యమన్నాను. ఆ రెండు రోజులూ నేను చదివినదీ, గుర్తు చేసుకున్నదీ ఇక్కడ రాస్తున్నాను.

రాబర్ట్ బర్న్స్ స్కాట్లండ్ జనం తమ జాతీయ కవిగా చెప్పుకునే కవి. 1759 జనవరి 25న ఎయిర్‌షైర్‌లోని ఆలొవే అనే ఊళ్లో కౌలు రైతు ఇంట్లో పుట్టాడు. 1796లో ముప్పై ఏడేళ్లకే చనిపోయాడు. ఐదేళ్ల తర్వాత, 1801 జూలైలో, ఆయన పుట్టిన ఇంట్లోనే తొమ్మిదిమంది మగవాళ్లు కూడి ఆయన పేరు మీద భోంచేశారు. తర్వాత ఈ విందు ఆయన వర్ధంతి నుంచి పుట్టినరోజుకు మారింది. అట్లా నడి చలికాలపు పండుగై కూచుంది. స్కాట్లండ్ వాళ్లు ఏ దేశానికి పోతే ఆ దేశానికి దాన్ని వెంట తీసుకుపోయారు.

ఆ మొదటి విందులో ఏం తిన్నారో చదివి నాకు నవ్వొచ్చింది. గొర్రె తలకాయ, హాగిస్. గొర్రె గుండెకాయ, కార్జం, ఊపిరితిత్తులు సన్నగా తరిగి, ఉల్లిగడ్డ, కొవ్వు, మిరియాలు, ఓట్స్ కలిపి, గొర్రె పొట్టసంచిలో కుక్కి ఉడకబెడితే హాగిస్. ఇప్పుడు దాన్ని పళ్లెంలో పెట్టి, ముందు ఒకాయన బ్యాగ్‌పైప్ వాయిస్తూ నడుస్తుంటే, అందరూ లేచి నిలబడి స్వాగతం చెప్తారు. బర్న్స్ దాని మీద 1786లో రాసిన పద్యం చదివి, కత్తితో కోస్తారు. మన భాషలో చెప్పాలంటే బోటికి మేళతాళాలతో ఎదుర్కోలు.

ఓట్స్ సంగతి కూడా మనకు కొత్తది కాదు. 1755లో సామ్యూల్ జాన్సన్ తన ఇంగ్లీషు నిఘంటువులో ఓట్స్‌కి అర్థం రాస్తూ, ఇంగ్లండులో గుర్రాలకు పెట్టే ఈ గింజ స్కాట్లండ్‌లో మనుషులను బతికిస్తుందని ఎగతాళి చేశాడు. పాలమూరు, నల్గొండ మెట్ట పొలాల జొన్న గట్కను చూసి కాలువ కింద వరన్నం తినేవాళ్లు చేసిన ఎగతాళి ఇదే. మా నాయనమ్మ ఇంట్లో పండుగకు తప్ప తెల్లన్నం లేదు. చుట్టాలొస్తే జొన్నరొట్టెలు గుడ్డ కింద దాచేది. స్కాట్లండ్ వాళ్లు తమ పేదరికపు గింజను పండుగ పళ్లెంలోకి తెచ్చి తలెత్తుకున్నారు. ఈ ఒక్క విషయంలో ఆ విందంటే నాకు గౌరవం కలిగింది.

మాది సూర్యాపేట దగ్గరి పల్లె. మేం కుర్మలం. నల్ల ఉన్ని ఉండే దక్కనీ గొర్రెలు మా తాతకు ఒక మంద ఉండేది. యాట తెగిన రోజు మా వాకిట్లో పని ఎట్లా నడిచేదో నాకు బాగా గుర్తు. కోసేది మగవాళ్లు, అది గడియ పని. తర్వాత తలకాయను, కాళ్లను మంట మీద కాల్చి, బొచ్చు గీకి, బోటిని తిరగేసి, సున్నం, పసుపు పెట్టి పదిసార్లు కడిగి, ముక్కలు చేసి, కారం నూరి, కట్టెల పొయ్యి ముందు పొద్దంతా కూచునేది మా నాయనమ్మ, అమ్మ, చిన్నమ్మలు. ముందు మగవాళ్లు తినేవాళ్లు, తర్వాత పిల్లలం. చివరికి వాళ్లకు మిగిలేది గిన్నె అడుగున చారు, నాలుగు బొక్కలు. రుచి ఎట్లుందని మగవాళ్లనే అడిగేవాళ్లు. వండినామె తిన్నదా అని అడిగినవాళ్లు నాకు గుర్తు లేరు.

అందుకే మా పిల్ల ప్రశ్నకు నాకు తోచిన మొదటి జవాబు దురాజ్‌పల్లి పెద్దగట్టు. హైదరాబాదు నుంచి విజయవాడ పోయే జాతీయ రహదారి మీద సూర్యాపేట దాటగానే వస్తుంది. 2016 దాకా ఇదంతా నల్గొండ జిల్లానే. ఆ గుట్ట మీద రెండేళ్లకోసారి, చలి వెనక్కి తగ్గే మాఘమాసంలో, లింగమంతుల జాతర జరుగుతుంది. 2025లో ఫిబ్రవరిలో జరిగింది. తెలంగాణలో సమ్మక్క సారక్క జాతర తర్వాత అంత పెద్ద జాతర ఇదేనంటారు. యాదవుల జాతరే అయినా అన్ని కులాలవాళ్లూ వస్తారు. భేరీల మోత, కాళ్లకు గజ్జెలు, చేతుల్లో కత్తులు, 'ఓ లింగా' అనే కేక. ఆ చలి రాత్రి గుట్ట చుట్టూ ఎటు చూసినా పొయ్యిల మంటలే.

లింగమంతుల స్వామి శివుడి రూపం, ఆయనకు మాంసం లేదు. యాటలు తెగేది ఆయన చెల్లెలు చౌడమ్మకు. మొదటి రోజు గంపలు నెత్తిన పెట్టుకుని గుడి చుట్టూ తిరిగేవాళ్లలో, మరునాడు బోనాలు మోసేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. తల్లి పేరు మీద విందు, తల్లుల నెత్తి మీద బరువు. డోలు చేతబట్టి కథ చెప్పే ఒగ్గు కళాకారుల్లో మాత్రం నేను చిన్నప్పుడు ఒక్క ఆడమనిషినీ చూడలేదు.

ఇది తోచాక, అక్కడి విందు వెనుక ఉన్న ఆడవాళ్లెవరో చూడాలనిపించింది.

బర్న్స్ తల్లి ఆగ్నెస్ బ్రౌన్. ఆమెకు రాయడం రాదు. నోటికి పాటలు మాత్రం చాలా వచ్చు. వాళ్లింటికి వచ్చి ఉండే బెట్టీ డేవిడ్‌సన్ అనే వితంతువు దయ్యాల కథలూ మంత్రగత్తెల కథలూ చెప్పేది. 1787లో బర్న్స్ డాక్టర్ జాన్ మూర్‌కు తన బతుకు గురించి పెద్ద ఉత్తరం రాశాడు. తనలో కవిత్వపు విత్తనం వేసింది ఆ ముసలామె కథలేనని అందులో ఒప్పుకున్నాడు. అదే వాక్యంలో ఆమె అజ్ఞానాన్నీ, మూఢనమ్మకాలనీ చెప్పాడు. ఆమె పేరు మాత్రం రాయలేదు. ఆ పేరు తర్వాతివాళ్లు వెతికి చెప్పారు.

తర్వాత బర్న్స్ జేమ్స్ జాన్సన్ వేస్తున్న 'స్కాట్స్ మ్యూజికల్ మ్యూజియం' సంపుటాల కోసం ఊళ్లలో పాటలు సేకరించాడు. కొన్ని తిరగరాశాడు, కొన్ని కొత్తగా కట్టాడు. పైసా తీసుకోకుండా రెండు వందల దాకా పాటలిచ్చాడు. అది గొప్ప పనే. ఆ పాటలు ఆయన భార్య జీన్ ఆర్మర్ పాడి వినిపించేది. ఆమె గొంతును ఆయన మెచ్చుకునేవాడు. జీన్ తొమ్మిదిమంది పిల్లల్ని కన్నది. 1791లో ఆన్ పార్క్ అనే మరొకామెకు బర్న్స్ వల్ల ఆడపిల్ల పుట్టింది. కొద్ది రోజుల తేడాతో జీన్‌కు కొడుకు పుట్టాడు. ఆ పరాయి పిల్లను కూడా జీనే పెంచింది. భర్త అంత్యక్రియలు జరిగిన రోజునే ఆమె ఆఖరి బిడ్డను కన్నది. ఆ తర్వాత దాదాపు ముప్పై ఎనిమిదేళ్లు బతికింది. ఆయన గురించి అడగడానికి ఇంటికి వచ్చేవాళ్లందరికీ జవాబు చెప్తూ బతికింది.

ఈ సంగతులు మాట్లాడిన ఆడవాళ్లకు ఏం జరిగిందో కూడా చెప్పుకోవాలి. గ్లాస్గో రచయిత్రి కాథరిన్ కార్స్‌వెల్ 1930లో బర్న్స్ జీవితచరిత్ర రాసింది. ఆయన ప్రేమల్నీ, తప్పుల్నీ దాచలేదు. బర్న్స్ క్లబ్బుల పెద్దమనుషులు మండిపడ్డారు. ఎవరో పేరు లేని ఉత్తరంలో తుపాకీ గుండు పెట్టి పంపారు. దాంతో తనను తాను కాల్చుకొమ్మని దాని భావం. 1788లో జీన్ నిండు గర్భిణిగా ఉన్నప్పుడు ఆమెతో తన ప్రవర్తన గురించి బర్న్స్ మిత్రుడికి గొప్పగా రాసుకున్న ఉత్తరం ఒకటుంది. 2018లో కవయిత్రి లిజ్ లాక్‌హెడ్ ఆ ఉత్తరం చదివితే హార్వీ వైన్‌స్టీన్ గుర్తొస్తాడన్నారు. దాని మీదా పెద్ద రభసే జరిగింది. కొన్ని క్లబ్బుల్లో మొన్న మొన్నటి దాకా ఆడవాళ్లకు విందులో కుర్చీ లేదు. ఆడవాళ్లను పొగిడే ప్రసంగం ఆడవాళ్లు లేని గదిలో నడిచింది!

ఇంతవరకూ రాసి, పరాయి దేశపు మగకవి తప్పులు ఎంచడం ఎంత సులువో కదా అనుకున్నాను. మరి నా సంగతి?

మన దగ్గర ఈ పని చేసి చూపినవాళ్లున్నారు. 1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చింది. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్ల దగ్గర కూచుని, వాళ్ల మాటల్లోనే వాళ్ల బతుకును రికార్డు చేసింది. ఉయ్యాల పాటలతో ఊళ్లను కదిలించిన మల్లు స్వరాజ్యం మా నల్గొండ బిడ్డే. 2022లో ఆమె పోయినప్పుడు ఆ పుస్తకం మళ్లీ తీసి చదివాను. క్లాసులో ఎన్నోసార్లు దాని గురించి చెప్పాను. అయినా ఒక్క టేప్‌రికార్డరు పట్టుకుని మా నాయనమ్మ ముందు కూచోలేదు. ఆమె కదురు తిప్పి ఉన్ని వడుకుతూ పాడేది, ఇసుర్రాయి తిప్పుతూ పాడేది. నూలు ఆమె తీసేది, గుంట మగ్గం మీద గొంగడి మా తాత నేసేవాడు. చింతగింజల గంజి పట్టించి ఆరేసేదీ ఆమే. అంగట్లో అది మా తాత గొంగడి. ఆమె పోయేనాటికి నాకు ఎం.ఏ. పట్టా ఉంది, ఉద్యోగం ఉంది. ఆమె పాట ఒక్కటీ పూర్తిగా రాదు. బెట్టీ డేవిడ్‌సన్ పేరు రాయనందుకు బర్న్స్‌ను తప్పు పట్టే హక్కు నాకెంత?

మా మేనత్తను పాలమూరు జిల్లా అచ్చంపేట దిక్కు ఇచ్చారు. ఎనభై దాటిన మనిషి. ఆ రెండో రోజు పొద్దున్నే బస్సెక్కి ఆమె దగ్గరికి పోయాను. వాళ్లింట్లో ఇప్పుడు దక్కనీ గొర్రెలు లేవు. ఉన్నవి ఉన్ని లేని నెల్లూరు రకం. మాంసానికి ధర పలుకుతుంది, ఉన్నిని అడిగే దిక్కు లేదు. కదురు అటక మీద ఉంది. "అత్తా, అమ్మ పాడే పాటలు చెప్పవా" అంటే వింతగా చూసింది.

"అవి పాటలెందుకైతయే పిల్లా? పని. చెయ్యి ఆగితే నోరు ఆగుతది" అంది.

కోడలు అటకెక్కి కదురు దింపింది. ఉన్ని లేకపోతే దూది ఇచ్చాం. నాలుగుసార్లు తిప్పాక గొంతు లేచింది. రెండు పాటలు, అవీ సగం సగం. ఫోన్లో రికార్డు చేశాను. మధ్యలో ఆపి, "ఇది మీ నాయనమ్మది గాదు, ఆమె అత్తది. ఆమె పేరు ఎల్లమ్మ" అంది. మా ముత్తవ్వ పేరు నాకు అప్పటిదాకా తెలియదు.

ఆ రాత్రి గ్లాస్గోకి నేనే ఫోన్ చేశాను. బర్న్స్‌ను తిట్టమనీ చెప్పలేదు, పొగడమనీ చెప్పలేదు. ఆగ్నెస్ బ్రౌన్, బెట్టీ డేవిడ్‌సన్, జీన్ ఆర్మర్, ఆన్ పార్క్, ఈ నాలుగు పేర్లు ముందు చదవమన్నాను. తర్వాత మన పెద్దగట్టు గురించి, తలకాయ కూర గురించి, గిన్నె అడుగున మిగిలే చారు గురించి చెప్పమన్నాను. చివర ఎల్లమ్మ పేరు చెప్పమన్నాను.

చెప్పిందట. కొందరు నవ్వారు, కొందరు ఊరుకున్నారు. వంట చేసిన ఆమెను లోపలి నుంచి పిలిచి కూచోబెట్టారట. "పెద్దమ్మా, ఈసారి పెద్దగట్టుకు నేనొస్త. కానీ ముందు మనం తిందాం, తర్వాత వాళ్లకు పెడదాం" అంది.

వచ్చే జాతర 2027లో. అప్పటికి మేనత్త దగ్గర మిగిలిన పాటలు ఎన్ని దొరికితే అన్ని తెచ్చుకోవాలి. ఈ వ్యాసం చదివే మీ ఇళ్లలోనూ అటక మీద కదురో, మూలన ఇసుర్రాయో, మంచంలో ఒక ముసలామో ఉండే ఉంటారు. పాట అడిగేటప్పుడు, అది ఎవరి దగ్గర నేర్చుకుందో కూడా అడగండి.